‘ర్యామ్ తర్వాత వేయిద్దాంలే’ అంటే కుదరదిక!

* ఖరీదైన ల్యాప్‌టాప్ చిప్‌లపై ఊహాగానాల జోరు
* ధర గుట్టంతా మెమరీలోనే
* కొనే రోజే లెక్క తేల్చుకోవాలి

కొత్త చిప్ వస్తోందట. అందులో మెమరీ రెట్టింపట. ధర మాత్రం పాతదేనట! ల్యాప్‌టాప్ కొనాలనుకున్న ఇంట్లో ఈ ‘అట’ల గోల మొదలైతే ఓ పట్టాన తెమలదు. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ‘ఆరు నెలలు ఆగుదాం నాన్నా’ అంటాడు. ప్రాజెక్టు గడువు దగ్గరపడిన అమ్మాయి ‘ఇప్పుడే కావాలి’ అంటుంది. లక్షన్నర కూడబెట్టిన తండ్రికి ఎవరి మాట వినాలో పాలుపోదు. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా ఇదే తంతు.

ఈ గోలలో అసలు సంగతి మరుగున పడుతోంది. ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు ప్రాసెసర్ వేరు, మెమరీ వేరు కాదు. రెండూ కలిపే కొనాలి. ఒకసారి కొన్నాక మెమరీని పెంచుకునే దారి చాలావాటిలో లేదు. అందుకే రాబోయే చిప్ ధర గురించి పుట్టే పుకార్లలో సగం మెమరీ గురించిన పుకార్లే. ఇది అర్థమైతే ఆగాలా, కొనాలా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

కొట్టుగది వేరు.. వంటగట్టు వేరు

ల్యాప్‌టాప్ పెట్టె మీద ‘16 జీబీ, 512 జీబీ’ అని రెండు అంకెలు కనిపిస్తాయి. చాలామంది కళ్లు పెద్ద అంకె మీదకే పోతాయి. 512 అన్నది స్టోరేజి. ఇంట్లో సామాన్లు దాచుకునే కొట్టుగది లాంటిదన్నమాట. ఫొటోలు, సినిమాలు, ఫైళ్లు అందులో ఉంటాయి. 16 అన్నది మెమరీ. మనవాళ్ల వాడుకలో ర్యామ్. ఇది వంటగట్టు. కొట్టుగదిలో బస్తాల కొద్దీ బియ్యమున్నా, గట్టు మీద పట్టినన్ని గిన్నెలతోనే కదా వంట సాగేది! గట్టు ఇరుకైతే ఒక గిన్నె దించి ఇంకోటి పెట్టాలి. కంప్యూటరు నత్తనడక నడిచేది అప్పుడే.

కొట్టుగది చాలకపోతే బయట ఇంకో డ్రైవ్ కొని తగిలించుకోవచ్చు. గట్టు విషయంలోనూ మొన్నమొన్నటి దాకా ఓ వెసులుబాటు ఉండేది. అడుగు మూత మరలు విప్పి, ఖాళీ స్లాట్‌లో ఇంకో ర్యామ్ స్టిక్ పెట్టించుకునేవాళ్లం. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనో పది నిమిషాల పని. ‘ఇప్పటికి తక్కువది తీసుకుందాం. చేతిలో డబ్బులాడినప్పుడు ర్యామ్ వేయిద్దాంలే’ అనుకోవడం మధ్యతరగతి ఇళ్లలో అలవాటైన లెక్క. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇప్పటికీ ఆ స్లాట్లు ఉన్నాయి. పల్చటి, ఖరీదైన రకాల్లోనే ఆ లెక్క చెల్లకుండా పోతోంది.

చిప్‌కు దగ్గరైంది.. చేతికి దూరమైంది

2020 నవంబరులో యాపిల్ తన సొంత ‘ఎం1’ చిప్‌ను తెచ్చింది. మెమరీని తీసుకొచ్చి ప్రాసెసర్ పక్కనే ఒకే పలక మీద కూర్చోబెట్టింది. లెక్కలు చేసే భాగం, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగం రెండూ ఒకే గట్టును పంచుకుంటాయి. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి గిన్నెలు మోసే పని తప్పింది. వేగం పెరిగింది. బ్యాటరీ ఎక్కువసేపు వచ్చింది. 2021 అక్టోబరులో ‘ఎం1 మ్యాక్స్’తో మెమరీ 64 జీబీ దాకా, 2023 అక్టోబరులో ‘ఎం3 మ్యాక్స్’తో 128 జీబీ దాకా వెళ్లింది.

ఏఎండీ కూడా ఈ బాటే పట్టింది. 2025 జనవరిలో లాస్‌వేగాస్‌లో జరిగిన సీఈఎస్ ప్రదర్శనలో ‘రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ 395’ను చూపించింది. 16 కోర్లు. 128 జీబీ వరకు మెమరీ. అందులో విండోస్‌లో 96 జీబీని గ్రాఫిక్స్‌కే కేటాయించుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన ఎన్‌విడియా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుల్లో పెద్దదైన ‘ఆర్‌టీఎక్స్ 5090’కి ఉన్న సొంత మెమరీ 24 జీబీయే. ఏఐ మోడళ్లను ఇంట్లోనే నడిపించాలనుకునే కుర్రాళ్లు దీని వెంట ఎందుకు పడ్డారో దీన్నిబట్టే తెలుస్తుంది.

మెమరీ నుంచి చిప్‌కు పోయే దారి మామూలు ల్యాప్‌టాప్‌లలో 128 బిట్లు. ఇందులో 256. రెండు వరుసల రోడ్డును నాలుగు వరుసలు చేసినట్టు. సెకనుకు 256 జీబీ సమాచారం అటూఇటూ పోతుంది. ఇంత వేగానికి స్లాటూ స్టిక్కూ తట్టుకోవు. తీగ ఏమాత్రం పొడవైనా సంకేతం చెడుతుంది. అందుకే మెమరీని బోర్డుకు టంకం వేసి అతికిస్తున్నారు. విడిభాగాలు ఎవరికి వాళ్లు మార్చుకునే వీలే తమ గొప్పని చెప్పుకునే ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కూడా ఈ చిప్‌తో 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన చిన్న డెస్క్‌టాప్‌లో మెమరీని అతికించక తప్పలేదు. వాళ్లకే కుదరనప్పుడు మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది!

అదే చిప్.. 400 డాలర్ల తేడా

ఆ ఫ్రేమ్‌వర్క్ పెట్టె ధరలే చూడండి. అప్పట్లో 64 జీబీ మెమరీ ఉన్నది 1,599 డాలర్లు. 128 జీబీది 1,999 డాలర్లు. రెండింటిలోనూ ప్రాసెసర్ ఒక్కటే. తేడా 400 డాలర్లూ మెమరీదే. ‘కొత్త చిప్ ఎంతకొస్తుంది?’ అని అడిగితే సగం ప్రశ్న అడిగినట్టే. ‘ఎంత మెమరీతో ఎంతకొస్తుంది?’ అని అడిగితేనే లెక్క తేలుతుంది.

ఈ లెక్క కొనేవాళ్లనే కాదు, చేసేవాళ్లనూ ఇబ్బంది పెట్టింది. ఇంటెల్ 2024 సెప్టెంబరులో ‘లూనార్ లేక్’ చిప్‌లను విడుదల చేసింది. అందులో మెమరీ చిప్ పలకపైనే ఉంటుంది. 16 జీబీ, 32 జీబీ.. రెండే రకాలు. మూడోది లేదు. బ్యాటరీ విషయంలో మంచి పేరొచ్చింది. కానీ మెమరీని వేరే కంపెనీల దగ్గర కొని, పెద్దగా లాభం లేకుండానే అమ్మాల్సి వచ్చింది. అది తమ లాభాలకు గండి కొడుతోందని, ఈ పద్ధతి ఈ ఒక్కసారికేనని అప్పటి ఇంటెల్ సీఈవో పాట్ గెల్సింగర్ 2024 అక్టోబరు చివర్లోనే తేల్చేశారు. ఆ తర్వాతి ‘పాంథర్ లేక్’లో మెమరీ మళ్లీ పలక బయటికి వచ్చింది. అయితే బయటికి వచ్చినంత మాత్రాన స్లాట్ ఉందనుకోకండి. పల్చటి ల్యాప్‌టాప్‌లలో బోర్డుకు అతికించే రకమే ఎక్కువ.

లూనార్ లేక్ ల్యాప్‌టాప్ కొనేవారికి ఓ చిన్న కిటుకు. చిప్ నంబరు చివర ‘వి’ అక్షరం ఉంటుంది. దానికి ముందున్న అంకె 6 అయితే 16 జీబీ. 8 అయితే 32 జీబీ. 256వి అంటే 16, 258వి అంటే 32. దుకాణదారు ఏం చెప్పినా నంబరు నిజం చెప్పేస్తుంది.

పుకారు పుట్టేది ఎక్కడ?

రాబోయే చిప్ కబుర్లు గాల్లోంచి ఊడిపడవు. వాటికీ కొన్ని పుట్టుచోట్లున్నాయి. అందులో ఒకటి మన పొరుగునే ఉంది. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియాలకు బెంగళూరులో, హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. 2023 నవంబరులో బెంగళూరులో ఏఎండీ తెరిచిన ‘టెక్నోస్టార్’ ప్రాంగణం ప్రపంచంలో ఆ కంపెనీకున్న డిజైన్ కేంద్రాలన్నింటిలోకీ పెద్దది. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న ఎందరో తెలుగు పిల్లలు ఇలాంటి చోట్లే పనిచేస్తున్నారు. విడుదల కాని చిప్‌లను పరీక్షించడానికి ఈ కేంద్రాలకు విదేశాల నుంచి బోర్డులు వస్తాయి. దిగుమతి కాగితాల్లో ఆ సరుకు వివరం రాయాలి. వ్యాపార సమాచారం అమ్మే సంస్థల ద్వారా ఆ వివరాలు బయటపడతాయి. ‘ఫలానా సంకేతనామం, ఇంత మెమరీ’ అన్న ముక్క పట్టుకుని ప్రపంచమంతా కథలల్లేస్తుంది.

రెండో చోటు వేగ పరీక్షల జాబితాలు. నమూనా చిప్‌ను ఎవరో పరీక్ష పెడతారు. ఫలితం అందరికీ కనిపించే పట్టికలోకి ఎక్కేస్తుంది. మూడోది దుకాణాల తొందర. సరుకు రాకముందే ధర పెట్టేస్తారు. అది చాలాసార్లు ఖాళీ నింపడానికి వేసిన అంకె మాత్రమే.

పరీక్షకు వచ్చిన బోర్డులో 128 జీబీ ఉంటే అమ్మకానికి వచ్చేదాంట్లోనూ అంతే ఉంటుందని కాదు. ఇంజినీర్లు అన్ని కొలతలతోనూ పరీక్షిస్తారు. మెమరీ గురించిన పుకారు చాలాసార్లు నిజానికి దగ్గరగానే ఉంటుంది. ధర గురించిన పుకారును మాత్రం అంత నమ్మలేం. చిప్ తయారీ రెండు మూడేళ్ల ముందే మొదలవుతుంది. ధర విడుదలకు కొన్ని రోజుల ముందు దాకా మారుతూనే ఉంటుంది.

ఉదాహరణలకు కొదవ లేదు. మ్యాక్‌లలో కనీస మెమరీ 8 నుంచి 16 జీబీకి పెరుగుతుందని 2024లో ముందే ప్రచారం జరిగింది. అక్టోబరులో అదే నిజమైంది. మ్యాక్‌బుక్ ఎయిర్‌కు పైసా పెంచకుండానే 16 జీబీ ఇచ్చారు. ఇక ఎన్‌విడియా విషయం చూడండి. 128 జీబీ ఉమ్మడి మెమరీ ఉన్న చిన్న ఏఐ డెస్క్‌టాప్‌ను ‘3,000 డాలర్ల నుంచి’ అంటూ 2025 జనవరిలో కంపెనీయే ప్రకటించింది. అక్టోబరులో ‘డీజీఎక్స్ స్పార్క్’ పేరుతో ఆ కంపెనీ సొంత పెట్టె అమ్మకానికొచ్చేసరికి ధర 3,999 డాలర్లు. కంపెనీ నోటి మాటే ఇలా ఉంటే పుకారు సంగతి సరేసరి. ‘నుంచి’ అన్న చిన్న మాటను దాటేసి చదివితే జేబుకు చిల్లే.

మంట అక్కడ.. సెగ ఇక్కడ

ధర అంచనాలన్నీ తలకిందులు కావడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం చేసేది మూడే కంపెనీలు. దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్. అమెరికాకు చెందిన మైక్రాన్. వీళ్లలో ఎవరికి ఏమైనా ఆ సెగ మన వీధి చివరి దుకాణం దాకా తగులుతుంది. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో భూకంపం వచ్చినప్పుడు ర్యామ్ ధరలు ఎగిశాయి. 2013 సెప్టెంబరులో చైనాలోని వుషీలో హైనిక్స్ ఫ్యాక్టరీ తగలబడినప్పుడూ అంతే.

ఈసారి మంట ఏఐది. పెద్ద పెద్ద డేటా సెంటర్లకు ‘హెచ్‌బీఎం’ అనే ప్రత్యేక మెమరీ కావాలి. మైక్రాన్ లెక్క ప్రకారం ఒక జీబీ హెచ్‌బీఎం చేయడానికి మామూలు డీడీఆర్5కి పట్టేదానికి సుమారు మూడింతల సిలికాన్ పలక ఖర్చవుతుంది. లాభం అందులోనే ఎక్కువ. దాంతో ఫ్యాక్టరీలు అటు మొగ్గాయి. మనలాంటివాళ్లు కొనే ర్యామ్‌కు కొరత పడింది. 2025 ద్వితీయార్ధంలో ధరలు చుక్కలు చూపించాయి. ఆ ఏడాది డిసెంబరులో మైక్రాన్ ఏకంగా ‘క్రూషియల్’ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కంప్యూటరు దుకాణాల్లో ఆ పేరు తెలియనివారుండరు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? కొత్త చిప్ వచ్చాక చవకవుతుందని ఆగితే, ఈలోగా మెమరీ ధర పెరిగి మొత్తం మీద ఎక్కువే కట్టాల్సి రావచ్చు. అలాగని ధరలు ఎప్పటికీ పైపైకే పోవు. మెమరీ వ్యాపారం ఉయ్యాల లాంటిది. 2016 మధ్యలో మొదలైన పెరుగుదల 2018 దాకా సాగింది. 2022, 2023లలో సరుకు ఎక్కువై ధరలు కుప్పకూలాయి. ఉయ్యాల ఎప్పుడు వెనక్కి వస్తుందో జాతకం చెప్పేవారిని నమ్మి చదువును ఆపుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

డాలరు లెక్క.. రూపాయి లెక్క

అమెరికా ధర వినగానే చాలామంది దాన్ని రూపాయల్లోకి మార్చి సంబరపడతారు. అక్కడ చెప్పే ధరలో అమ్మకం పన్ను కలవదు. మన దగ్గర ఎంఆర్‌పీలో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ అక్కడ 999 డాలర్లు. డాలరు రూ.87 చొప్పున చూస్తే దాదాపు రూ.87 వేలు. జీఎస్‌టీ కలిపితే రూ.1.02 లక్షలు దాటుతుంది. మన దేశంలో పెట్టిన ధర రూ.99,900. అంటే లెక్క కన్నా కాస్త తక్కువే. 2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ప్రో అక్కడ 1,599 డాలర్లు. ఇదే పద్ధతిలో రూ.1.64 లక్షలు కావాలి. ఇక్కడ పెట్టింది రూ.1,69,900. ఒకచోట తగ్గించారు, ఇంకోచోట పెంచారు. కాబట్టి డాలరు లెక్క సుమారుగానే పనికొస్తుంది.

ఆ మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనే మెమరీని 16 నుంచి 24 జీబీకి పెంచాలంటే అప్పట్లో అదనంగా రూ.20 వేలు. 8 జీబీకి ఇరవై వేలు! విడిగా దొరికే ర్యామ్‌తో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కానీ కొనే రోజు తప్ప మళ్లీ ఆ అవకాశం రాదు.

సరిహద్దు జిల్లాల్లో ఇంకో అపోహ ఉంది. యానాంలో పెట్రోలు చవక కదా, ల్యాప్‌టాప్ కూడా చవకేమోనని కాకినాడ నుంచి వెళ్లి అడిగేవాళ్లున్నారు. పెట్రోలు, మద్యం జీఎస్‌టీలో లేవు కాబట్టి రాష్ట్రానికో ధర. ల్యాప్‌టాప్ అలా కాదు. 2017 జులై 1 నుంచి కర్ణాటకైనా, తమిళనాడైనా, ఒడిశా అయినా, మహారాష్ట్ర అయినా, యానాం అయినా పన్ను ఒక్కటే. పన్ను కోసం హద్దు దాటే పని లేదు. పెద్ద బజారులో రకాలు ఎక్కువ దొరుకుతాయి, బేరం కాస్త కుదురుతుంది. లాభమంతా అదే.

ఎంత సరిపోతుంది?

అవసరాన్నిబట్టే కొనాలి. పాఠాలు వినడం, టైపింగ్, లెక్కల పట్టికలు, ఆన్‌లైన్ తరగతులు.. వీటికి 16 జీబీ చాలు. తగ్గొద్దు. ఏఐ సౌకర్యాలుండే ‘కోపైలట్ ప్లస్’ కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ 2024లో పెట్టిన కనీస నిబంధన కూడా 16 జీబీయే. ఇంజినీరింగ్ డిజైన్, వీడియో ఎడిటింగ్, ఒకే మెషీన్‌లో రెండు మూడు సిస్టమ్‌లు నడిపే కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు 32 జీబీ ఉంటే నాలుగేళ్లూ నెట్టుకురావచ్చు.

64, 128 జీబీలు ఎవరికి? ఏఐ మోడళ్లను సొంత మెషీన్‌లోనే నడపాలనుకునేవారికి. 800 కోట్ల పరామితులున్న చిన్న మోడల్‌ను కుదించి వాడితే దాదాపు 5 జీబీ పడుతుంది. అది 16 జీబీ మెషీన్‌లోనూ నడుస్తుంది. 7,000 కోట్ల పరామితులున్న దానికి సుమారు 40 జీబీ కావాలి. పట్టినంత మాత్రాన పరుగెత్తదు. సెకనుకు 256 జీబీ దారి ఉన్న చిప్‌లో 40 జీబీ మోడల్ సెకనుకు ఆరు మాట ముక్కలకు మించి చెప్పలేదు. మెమరీ ఎంత అన్నదే కాదు, దారి ఎంత వెడల్పన్నదీ చూడాలి. ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అని మొదటి సంవత్సరం విద్యార్థికి 128 జీబీ కొనిపెట్టడం అంటే నలుగురున్న ఇంటికి కల్యాణ మండపం వంటశాల కట్టించడమే.

ఊరటనిచ్చే మాట ఒకటుంది. వేగం తగ్గకుండానే మరలతో బిగించి, తర్వాత మార్చుకునే ‘ఎల్‌పీకామ్2’ అనే కొత్తరకం మెమరీ వచ్చింది. 2024లో లెనోవో తన థింక్‌ప్యాడ్ పీ1లో దీన్ని పెట్టింది. ఇది అన్ని ల్యాప్‌టాప్‌లకూ పాకితే ‘తర్వాత వేయిద్దాంలే’ అనే పాత రోజులు కొంతైనా తిరిగొస్తాయి. అందాకా మాత్రం జాగ్రత్త పడాల్సిందే.

దుకాణంలో ఇవి అడగండి

* మెమరీ బోర్డుకు అతికించారా, స్లాట్ ఉందా? స్లాట్ ఉంటే ఎన్ని? ఖాళీగా ఎన్ని?
* పెంచుకునే వీలుంటే గరిష్ఠంగా ఎంత దాకా?
* చెబుతున్న 16, 32 జీబీలు ర్యామేనా? స్టోరేజిని కలిపి చెబుతున్నారా?
* గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉందా, ఇందులోంచే పంచుకుంటుందా? పంచుకునేదైతే ఓ మెట్టు ఎక్కువ తీసుకోండి.
* చిప్ పూర్తి నంబరు ఏమిటి? ఆ నంబరు, సీరియల్ నంబరు బిల్లులో రాయించారా?
* మీ ఊళ్లోనో, దగ్గరి పట్నంలోనో సర్వీసు కేంద్రం ఉందా? అతికించిన మెమరీ పాడైతే బోర్డే మార్చాలి. వారంటీ ఎన్నేళ్లో చూసుకోండి.

దుకాణదారు కన్నడంలో చెప్పినా, తమిళంలో చెప్పినా, ఒడియాలో చెప్పినా, మరాఠీలో చెప్పినా ‘జీబీ’ మాత్రం మారదు. మొహమాటపడకుండా అడగండి. తెలియకపోతే రాయించుకుని, తెలిసినవారికి చూపించాకే డబ్బు కట్టండి.

ఇక ఆగాలా, కొనాలా? పని ఇప్పుడే ఉంటే ఇప్పుడే కొనండి. పుకారులోని చిప్ కోసం కాదు, మీ పనికి సరిపడే మెమరీ కోసం డబ్బు పెట్టండి. బడ్జెట్ బిగుతుగా ఉంటే ప్రాసెసర్‌లో ఓ మెట్టు దిగి, మెమరీలో ఓ మెట్టు ఎక్కండి. తొందర లేనివారు కొత్త చిప్ విడుదలై, మన దేశంలో ధర పెట్టాక చూడొచ్చు. అప్పుడు పాత రకంపై తగ్గింపు దొరికితే అదీ లాభమే. కొత్త చిప్ కబురు ఏటా వస్తూనే ఉంటుంది. పిల్లల సెమిస్టర్ మాత్రం దానికోసం ఆగదు.